సహాధ్యాయి బోధన

సహాధ్యాయి బోధన అనునది కళాశాల, విశ్వవిద్యాలయ తరగతులలో అనుసరించే ఒక బోధనా పద్ధతి. ఇంగ్లీషులో దీనిని పీర్ ఇన్‌స్ట్రక్షన్ అంటారు. ఈ పద్ధతిలో అధ్యాపకుడు గంటసేపు ఏకధాటిగా ఉపన్యసించడు. పాఠాన్ని చిన్న చిన్న భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగం చివర అవగాహనను పరీక్షించే ఒక ప్రశ్న వేస్తాడు. విద్యార్థులు ముందుగా ఎవరికి వారే ఆలోచించి ఒక సమాధానాన్ని ఎంచుకొంటారు. ఆ తరువాత పక్కన కూర్చున్నవారితో వాదించి, మరల సమాధానం ఇస్తారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ 1991లో దీనిని ప్రారంభించాడు. భౌతికశాస్త్రంలో పుట్టినా, కాలక్రమేణ ఇది రసాయన, జీవ, గణిత శాస్త్రాలకు, కంప్యూటర్ విద్యకు కూడా వ్యాపించింది.

ఉపన్యాసమనే అలవాటు

మధ్యయుగపు ఐరోపా విశ్వవిద్యాలయాల కాలంలో పుస్తకాలు చేతివ్రాత ప్రతులే కనుక అవి అరుదుగాను, ఖరీదుగాను ఉండేవి. ఆచార్యుడు గ్రంథాన్ని పైకి చదువుతూ వివరిస్తుంటే విద్యార్థులు విని వ్రాసుకొనేవారు. ఉపన్యాసానికి ఇంగ్లీషులో వాడే లెక్చర్ అన్న మాటకు లాటిన్ మూలంలో అర్థం 'చదవడం' అనే. అచ్చుయంత్రం వచ్చి అయిదు శతాబ్దాలు దాటినా ఆ అలవాటు మాత్రం పోలేదు. పుస్తకంలో ఉన్నదానినే బల్లపై వ్రాయడం, దానిని విద్యార్థులు నోటుపుస్తకంలోకి ఎక్కించుకోవడం నేటికీ అనేక కళాశాలలలో చూడవచ్చును.

ఉపన్యాసం నిరుపయోగమైనదని చెప్పలేము. విషయాన్ని పరిచయం చేయడానికి, విద్యార్థులలో ఆసక్తి కలిగించడానికి అది బాగానే పనిచేస్తుంది. చిక్కు మరొకచోట ఉన్నది. విద్యార్థులకు ఏది అర్థం కాలేదో ఉపన్యసిస్తున్న అధ్యాపకునికి తెలిసే మార్గం లేదు. "అర్థమయిందా?" అని అడిగితే తరగతి అంతా తల ఊపుతుంది. సందేహం ఉన్నవాడు నలుగురిలో లేచి అడగడానికి సంకోచిస్తాడు. తనకు అర్థం కాలేదన్న సంగతి తనకే తెలియనివాడు అడగనే అడగడు.

ప్రారంభం

మజూర్ 1954లో నెదర్లాండ్స్‌లో జన్మించాడు. లైడెన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది, అమెరికా వెళ్ళి, 1984లో హార్వర్డ్‌లో అధ్యాపకుడయ్యాడు. అతని పరిశోధన కాంతి, లేజర్లకు సంబంధించినది. ప్రధానంగా వైద్యవిద్యకు వెళ్ళదలచిన విద్యార్థులకు అతను ప్రాథమిక భౌతికశాస్త్రం బోధించేవాడు. అతని తరగతిలో విద్యార్థులు కఠినమైన లెక్కలు చేసేవారు, మంచి మార్కులు తెచ్చుకొనేవారు, సంవత్సరాంతంలో తమ అధ్యాపకునికి కూడా మంచి మార్కులే వేసేవారు. కనుక తాను మంచి అధ్యాపకుడనని అతను నమ్మడంలో ఆశ్చర్యం లేదు.

అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇబ్రహీం హలూన్, డేవిడ్ హెస్టెనెస్ 1985లో ప్రచురించిన వ్యాసాలు ఈ నమ్మకాన్ని కదిలించాయి. బలం, చలనం గురించి విద్యార్థులకు నిత్యజీవితం నుండి ఏర్పడిన అభిప్రాయాలు కళాశాలలో భౌతికశాస్త్రం చదివిన తరువాత కూడా పెద్దగా మారడం లేదని, పాఠం చెప్పిన అధ్యాపకుడు ఎవరైనా ఫలితం దాదాపు ఒక్కటేనని వారు చూపారు. హార్వర్డ్ విద్యార్థుల విషయంలో ఇది నిజం కాజాలదని మజూర్ తలచి, 1990లో తన తరగతికి అటువంటి పరీక్షే పెట్టాడు. ప్రశ్నలలో లెక్కలు లేవు, సూత్రాలు లేవు. పరీక్ష మొదలవుతుండగా ఒక విద్యార్థిని లేచి, మీరు చెప్పిన పాఠం ప్రకారం వ్రాయమంటారా, నేను నిజంగా అనుకొనేది వ్రాయమంటారా అన్న భావంతో సందేహం అడిగిందని మజూర్ పలుమార్లు చెప్పాడు. ఒక విద్యార్థిని మనస్సులో పరీక్ష కోసం ఒక భౌతికశాస్త్రం, లోకం కోసం మరొకటి విడివిడిగా నిలిచి ఉన్నాయన్న మాట. ఫలితాలు కూడా అతను ఆశించినట్లు లేవు.

అంతటితో ఊరుకొనక అతను ఒకే విషయంపై రెండు రకాల ప్రశ్నలు జత చేసి ఇచ్చాడు. మొదటిది బ్యాటరీలు, నిరోధాలు గల విద్యుత్ వలయంలో ప్రవాహాన్ని లెక్కకట్టే మామూలు ప్రశ్న. రెండవది లెక్క అవసరం లేనిది. వలయంలో కొన్ని బల్బులు ఉన్నాయి, స్విచ్ వేస్తే ఏ బల్బు వెలుగు పెరుగుతుంది, ఏది తగ్గుతుంది అన్నది ప్రశ్న. చూడడానికి రెండవది ఎంతో తేలిక. అయినా మొదటిదానిని సునాయాసంగా చేసిన పలువురు రెండవదాని వద్ద తడబడ్డారు. సూత్రాలను ఏ క్రమంలో పేర్చాలో వారికి వచ్చును, ఆ సూత్రాలు దేనిని గురించి చెప్తున్నాయో మాత్రం రాదు.

అటువంటి ప్రశ్న ఒకటి తరగతిలో వివరిస్తూ మజూర్ ఒకసారి చెప్పిందే మరో విధంగా చెప్పి చూశాడు. విద్యార్థుల ముఖాలలో అయోమయం తగ్గలేదు. చివరకు ఏమి చేయాలో తోచక, మీలో మీరే మాట్లాడుకోండి అన్నాడు. హాలు సంతపేటలా మారింది. కాని రెండు మూడు నిమిషాలలో చాలామంది సరైన సమాధానానికి చేరుకొన్నారు. దీనికి అతను చెప్పిన కారణం ఆలోచింపదగినది. ఒక విషయాన్ని నిన్న మొన్న గ్రహించిన విద్యార్థికి తాను ఎక్కడ తప్పటడుగు వేశాడో ఇంకా గుర్తుంటుంది. ఇరవై ఏళ్ళ క్రితం గ్రహించిన ఆచార్యుడు ఆ తప్పటడుగును ఎప్పుడో మరచిపోయాడు. ఈ అనుభవమే 1991 నుండి ఒక క్రమపద్ధతిగా రూపుదిద్దుకొన్నది. 1997లో మజూర్ దీనిపై అధ్యాపకుల కొరకు ఒక మార్గదర్శక గ్రంథం వెలువరించాడు.

పద్ధతి

అధ్యాపకుడు ఒక భావనను ఏడు నుండి పది నిమిషాలు వివరించి, నాలుగు లేక అయిదు ఐచ్ఛికాలతో ఒక ప్రశ్నను తెరపై చూపుతాడు, లేదా బల్లపై వ్రాస్తాడు. విద్యార్థులు ఒకటి రెండు నిమిషాలు మౌనంగా ఆలోచించి సమాధానం తెలుపుతారు. తరగతిలో ఎంతమంది ఏ సమాధానం ఎంచుకొన్నారో అధ్యాపకునికి అప్పుడే తెలుస్తుంది. తరువాతి అడుగు ఆ సంఖ్యను బట్టి ఉంటుంది. డెబ్బై శాతానికి మించి సరైన సమాధానం ఇస్తే కొద్దిపాటి వివరణతో ముందుకు సాగవచ్చును. ముప్పై శాతానికి తక్కువైతే చర్చ వలన ప్రయోజనం ఉండదు, పాఠాన్నే మరల చెప్పవలసి ఉంటుంది. ఈ రెంటికీ నడుమ ఉన్నప్పుడు, తమ సమాధానంతో ఏకీభవించని వారిని వెతుక్కొని ఒప్పించమని విద్యార్థులకు చెప్తారు. రెండు నుండి నాలుగు నిమిషాల చర్చ తరువాత రెండవసారి సమాధానాలు తీసుకొంటారు. చివరకు అధ్యాపకుడు సరైనది ఎందుకు సరైనదో, మిగిలినవి ఎందుకు కావో వివరిస్తాడు.

ఇందులో మొదటి మౌనం ఎంతో ముఖ్యమైనది. తొందరపడి దానిని వదలివేస్తే, తరగతిలో గట్టిగా మాట్లాడే ఇద్దరు ముగ్గురి అభిప్రాయమే అందరి అభిప్రాయమవుతుంది. ముందే ఒక సమాధానానికి కట్టుబడిన విద్యార్థి మాత్రమే దానిని సమర్థించుకోవడానికో, విడిచిపెట్టడానికో కారణం వెదకుతాడు. అధ్యాపకులకు ఈ మౌనం భరించరానిదిగా తోచుట సహజం. అమెరికా విద్యావేత్త మేరీ బడ్ రో పాఠశాలలలో జరిపిన పరిశీలనలలో ఉపాధ్యాయులు ప్రశ్న వేసి సగటున ఒక క్షణమైనా ఆగడం లేదని తేలింది. మూడు క్షణాలు ఆగినంత మాత్రాన పిల్లల సమాధానాలు నిడివిలోను, నాణ్యతలోను మెరుగుపడ్డాయి.

సమాధానాలు సేకరించడానికి చేతులెత్తడం, రంగుల అట్టముక్కలు చూపడం, క్లిక్కర్లనే చిన్న ఎలక్ట్రానిక్ సాధనాలు, సెల్‌ఫోన్లు వంటివి వాడుకలో ఉన్నాయి. చేతులెత్తే పద్ధతిలో విద్యార్థులు ఒకరినొకరు చూసి ఎత్తే ప్రమాదం ఉన్నది. కెనడాలోని మాంట్రియల్ నగరంలో నథానియల్ లాస్రీ క్లిక్కర్లను, అట్టముక్కలను పోల్చి చూసి, నేర్చుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2008లో తెలిపాడు. క్లిక్కర్ల వలన లెక్క సులువవుతుంది, ఎవరు ఏమి ఎంచుకొన్నారో తరువాత చూసుకోవచ్చును. అంతకు మించి యంత్రంలో మహిమ లేదు.

ప్రశ్నల తయారీ

ఈ పద్ధతికి ప్రశ్నయే ప్రాణం. జ్ఞాపకం నుండి చెప్పగలిగిన ప్రశ్నపై చర్చ జరగదు, తెలిసినవాడు చెప్తే తెలియనివాడు వ్రాసుకొంటాడు. మంచి ప్రశ్నలో తప్పు ఐచ్ఛికాలు కూడా విద్యార్థుల మనస్సులో నిజంగా ఉండే అభిప్రాయాల నుండి రావలెను. వాటిని అధ్యాపకుడు గదిలో కూర్చొని ఊహించడం కష్టం. పాత జవాబు పత్రాలలోని తప్పులు ఇందుకు మంచి గని.

ఉదాహరణకు, సరుకుతో నిండిన లారీ ఒక ఆటోను ఢీకొన్నది. ఆటోపై లారీ చూపిన బలం ఎక్కువా, లారీపై ఆటో చూపిన బలం ఎక్కువా, రెండూ సమానమా? న్యూటన్ మూడవ గమన నియమాన్ని అక్షరం పొల్లుపోకుండా అప్పచెప్పే విద్యార్థి కూడా లారీ బలమే ఎక్కువ అంటాడు. ఆటో నుజ్జయిన దృశ్యం అతని కళ్ళముందు ఉన్నది మరి. రెండు బలాలు సమానమే. ఆటో ద్రవ్యరాశి తక్కువ కనుక అదే బలానికి దాని త్వరణం ఎక్కువగా ఉంటుంది, నష్టం కూడా ఎక్కువగా జరుగుతుంది. బలం వేరు, బలం వలన కలిగే ఫలితం వేరు అన్న భేదం ఇటువంటి వాదనలోనే స్పష్టపడుతుంది.

వృక్షశాస్త్రంలో మరొక ఉదాహరణ చెప్పవచ్చును. చింతగింజ మొలిచి మహావృక్షమైనది. ఎండిన ఆ చెట్టు మానులోని పదార్థంలో అధికభాగం ఎక్కడి నుండి వచ్చింది: నేల నుండా, నీటి నుండా, గాలి నుండా, సూర్యకాంతి నుండా? గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుండి అన్నది సరైన సమాధానం. కిరణజన్య సంయోగక్రియ సమీకరణాన్ని తప్పులేకుండా వ్రాయగలవారు కూడా చాలామంది నేల అనే అంటారు. సమీకరణంలోని కార్బన్ డయాక్సైడ్, కంటికి కనబడే మాను ఒకే కథలోని రెండు చివరలని వారికి తోచి ఉండదు.

చర్చ వలన నిజంగా నేర్చుకొంటారా?

చర్చ తరువాత సరైన సమాధానాలు పెరుగుతాయన్నది ప్రతి తరగతిలోను కనిపిస్తుంది. తెలివైన విద్యార్థిని చూసి మిగిలినవారు సమాధానం మార్చుకొంటున్నారేమో అన్నది న్యాయమైన అనుమానం. కొలరాడో విశ్వవిద్యాలయంలో మిషెల్ స్మిత్, ఆమె సహచరులు జన్యుశాస్త్ర తరగతిలో దీనిని పరీక్షించి 2009లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. ఒక ప్రశ్నపై చర్చ, రెండవ సమాధానం పూర్తయిన తరువాత, సరైనది ఏదో చెప్పకుండానే, అదే భావనపై మరొక కొత్త ప్రశ్న ఇచ్చి ఎవరికి వారే సమాధానం వ్రాయమన్నారు. చూసి మార్చుకొన్నవారైతే కొత్త ప్రశ్న వద్ద దొరికిపోవలెను. అలా జరగలేదు, చర్చ ద్వారా సరైన సమాధానానికి వచ్చినవారిలో అధికులు కొత్త ప్రశ్నకూ సరిగానే సమాధానమిచ్చారు. గుంపులో మొదట ఎవరికీ సరైన సమాధానం తెలియని సందర్భాలలో కూడా అవగాహన పెరిగిందని గణాంకాల ద్వారా వారు తేల్చారు.

ఫలితాలు

భౌతికశాస్త్రంలో కొలతకు ఒక సౌకర్యం ఉన్నది. హెస్టెనెస్, మాల్కమ్ వెల్స్, గ్రెగ్ స్వాక్‌హామర్ 1992లో బలభావనల పరీక్ష ఒకటి ప్రచురించారు. దానిని కోర్సుకు ముందు, తరువాత ఇచ్చి, పెరగడానికి అవకాశం ఉన్న మార్కులలో ఎంత భాగం పెరిగిందో లెక్కిస్తారు. మొదట నూటికి 40 వచ్చిన తరగతికి తరువాత 70 వస్తే, పెరగగలిగిన 60లో 30 పెరిగినట్లు, అనగా వృద్ధి 0.5.

రిచర్డ్ హేక్ 1998లో 62 కోర్సులకు చెందిన 6,542 మంది విద్యార్థుల ఫలితాలను ఈ విధంగా పరిశీలించాడు. ఉపన్యాస పద్ధతిలో నడిచిన 14 కోర్సులలో సగటు వృద్ధి 0.23 మాత్రమే. విద్యార్థులు చర్చలో పాల్గొనే వివిధ పద్ధతులలో నడిచిన 48 కోర్సులలో అది 0.48. మజూర్ సొంత తరగతిలో కూడా 1990తో పోలిస్తే 1991లో వృద్ధి దాదాపు రెట్టింపైనది. స్కాట్ ఫ్రీమన్, అతని సహచరులు 2014లో విజ్ఞానశాస్త్రాలు, ఇంజనీరింగు, గణితాలకు సంబంధించిన 225 అధ్యయనాలను క్రోడీకరించారు. ఇవి సహాధ్యాయి బోధనకే పరిమితమైనవి కావు, విద్యార్థిని క్రియాశీలుని చేసే పద్ధతులన్నీ ఇందులో ఉన్నాయి. ఉపన్యాస తరగతులలో తప్పినవారు సగటున 33.8 శాతం కాగా, క్రియాశీల తరగతులలో 21.8 శాతం. నూరుమంది గల తరగతిలో పన్నెండు మంది విద్యార్థుల భవిష్యత్తు ఈ రెండు అంకెల నడుమ ఉన్నది.

అధ్యాపకుని అనుభవం కంటే పద్ధతికి ఎక్కువ ప్రాధాన్యం ఉన్నదా అన్న ప్రశ్నకు బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో లూయీ డెలోరియే, ఎలెన్ షెల్యూ, నోబెల్ బహుమతి గ్రహీత కార్ల్ వీమన్ 2011లో ఒక సమాధానం ఇచ్చారు. సుమారు 270 మంది చొప్పున ఉన్న రెండు భౌతికశాస్త్ర తరగతులలో ఒకదానికి విద్యార్థుల ప్రశంసలు పొందిన అనుభవజ్ఞుడైన ఆచార్యుడు ఉపన్యాసమిచ్చాడు. రెండవదానికి అనుభవం తక్కువైనా ఈ పద్ధతులలో శిక్షణ పొందిన అధ్యాపకుడు ఒక వారం పాటు పాఠం నడిపాడు. తరువాతి పరీక్షలో మొదటి తరగతి సగటు 41 శాతం, రెండవదానిది 74 శాతం. ఒక్క వారానికి సంబంధించిన ఫలితమే అన్నది గమనించవలెను.

బాగా చెప్పిన పాఠం

ధారాళంగా సాగిన ఉపన్యాసం విన్నవారికి తాము బాగా నేర్చుకొన్నామన్న తృప్తి కలుగుతుంది. ఆ తృప్తికీ, నేర్చుకోవడానికీ సంబంధం తక్కువని తెలిపే ప్రయోగాలు ఉన్నాయి. షానా కార్పెంటర్, ఆమె సహచరులు 2013లో ఒక చిన్న వీడియో పాఠాన్ని రెండు విధాలుగా చిత్రించారు. మూడు రంగుల పిల్లులు దాదాపు అన్నీ ఆడవే ఎందుకు అవుతాయన్నది పాఠ్యాంశం. ఒకదానిలో అధ్యాపకురాలు నిటారుగా నిలిచి, కళ్ళలోకి చూస్తూ తడుముకోకుండా చెప్పింది. రెండవదానిలో అదే పాఠాన్ని కాగితాలు చూసుకొంటూ, తడబడుతూ చదివింది. మొదటి వీడియో చూసినవారు తమకు ఎక్కువ గుర్తుంటుందని అంచనా వేసుకొన్నారు. పరీక్షించి చూస్తే ఇరువురికీ గుర్తున్నది ఇంచుమించు సమానమే.

హార్వర్డ్‌లో డెలోరియే బృందం 2019లో ప్రచురించిన ప్రయోగం దీనికి రెండవ వైపు చూపింది. చర్చా పద్ధతిలో కూర్చున్న విద్యార్థులు పరీక్షలో ఎక్కువ సాధించారు, కాని తాము తక్కువ నేర్చుకొన్నామని భావించారు. తప్పు చేయడం, వాదనలో ఓడిపోవడం, బుర్ర పెట్టి ఆలోచించడం శ్రమతో కూడిన పనులు. ఆ శ్రమను విద్యార్థి అర్థం కాకపోవడంగా పొరబడతాడు. విద్యార్థుల అభిప్రాయ సేకరణపై మాత్రమే ఆధారపడి అధ్యాపకుల ప్రతిభను నిర్ణయించే కళాశాలలు ఈ సంగతి తెలుసుకోదగును. పద్ధతిని ప్రవేశపెట్టే మొదటి వారంలోనే విద్యార్థులకు ఈ ప్రయోగం గురించి చెప్పడం మంచిది.

మద్రాసు, బళ్ళారి బడులు

విద్యార్థులే విద్యార్థులకు చెప్పడం దక్షిణ భారతదేశపు వీధిబడులకు కొత్త కాదు. మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడుగా ఉన్న ఆండ్రూ బెల్, స్థానిక బడిపిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, పెద్ద పిల్లల చేత చిన్నపిల్లలకు చెప్పించే ఏర్పాటు చేశాడు. 1797లో లండనులో దీనిపై పుస్తకం ప్రచురించాడు. ఇది ఇంగ్లండులో మద్రాసు పద్ధతిగా పేరుపొందినది. తెలుగు వ్యాకరణం, నిఘంటువు రచించిన ఎ. డి. క్యాంబెల్ బళ్ళారి జిల్లా కలెక్టరుగా 1823లో పంపిన నివేదికలో అక్కడి తెలుగు, కన్నడ బడులను వర్ణిస్తూ, ముందున్న పిల్లలు వెనుకబడినవారికి నేర్పే విధానాన్ని మెచ్చుకొని, ఇంగ్లండు దానిని అనుకరించడం తగినదేనన్నాడు. నేటి అనంతపురం ప్రాంతం అప్పట్లో ఆ జిల్లాలోనిదే.

అయితే ఈ రెంటినీ ఒకటిగా భావించరాదు. వీధిబడిలో తెలిసినవాడు తెలియనివానికి అప్పగించేవాడు. మజూర్ పద్ధతిలో ఇద్దరికీ నిశ్చయం లేదు, ఇద్దరిలో ఎవరూ గురువు కారు.

తెలుగు రాష్ట్రాల కళాశాలలలో

బహుళైచ్ఛిక ప్రశ్నలు తెలుగు విద్యార్థులకు చిరపరిచితం. ఒకప్పటి ఎంసెట్, నేటి ఈఏపీసెట్ వంటి ప్రవేశ పరీక్షల కొరకు వారు వేలాదిగా సాధన చేస్తారు. కాని అక్కడ వేగం ముఖ్యం, కారణం చెప్పవలసిన పని లేదు. సహాధ్యాయి బోధనలో కారణమే ముఖ్యం. పైకి ఒకేలా కనిపించే రెండు ప్రశ్నలను రెండు భిన్నమైన పనులకు వాడుతున్నామని మొదటే చెప్పకపోతే, విద్యార్థులు సరైన అక్షరం తెలియగానే చర్చ ముగిసిందనుకొంటారు.

భాష మరొక అంశం. తెలుగు మాధ్యమంలో చదివి ఇంగ్లీషు మాధ్యమపు డిగ్రీ, ఇంజనీరింగు తరగతులలో చేరిన విద్యార్థి మౌనంగా ఉండటానికి తరచు విషయం కంటే భాషయే కారణం. ప్రశ్న ఇంగ్లీషులో ఉన్నా, పక్కవానితో వాదన తెలుగులో జరుపుకోవడానికి ఈ పద్ధతిలో ఏ అడ్డూ లేదు. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి ప్రచురించిన ఇంటర్మీడియట్, డిగ్రీ పుస్తకాల వలన అవసరమైన శాస్త్ర పదజాలం కూడా తెలుగులో ఉన్నది. బల్లలు కదల్చరాని పెద్ద గదులలో సైతం పక్కనున్న ఇద్దరు, వెనుక తిరిగితే మరొక ఇద్దరు చర్చకు సరిపోతారు. నాలుగు రంగుల అట్టముక్కలకు ఖర్చు స్వల్పం.

పరిమితులు, విమర్శలు

సరైన సమాధానానికి ఎక్కువ మార్కులు కేటాయిస్తే చర్చ చెడిపోతుందని 2006లో ప్రచురితమైన ఒక పరిశీలనలో తేలింది. మార్కులు ముఖ్యమైన తరగతిలో తెలివైనవాడే మాట్లాడాడు, మిగిలినవారు అతని సమాధానమే ఇచ్చారు. అందువలన పాల్గొన్నందుకు మాత్రమే మార్కులిస్తే చాలునని పలువురు భావిస్తారు. భౌతికశాస్త్రంలో బాలబాలికల ఫలితాల మధ్య అంతరం ఈ పద్ధతి వలన తగ్గిందని 2006లో హార్వర్డ్ బృందం ప్రకటించగా, మరుసటి సంవత్సరం కొలరాడోలో జరిగిన అధ్యయనంలో అటువంటి ఫలితం స్థిరంగా కనబడలేదు. సాహిత్యం, చరిత్ర వంటి శాస్త్రాలలో నాలుగు ఐచ్ఛికాలలో ఒకటే సరైనదని చెప్పడం తరచు సాధ్యం కాదు. అక్కడ ఏ ఐచ్ఛికానికి ఆధారం బలమైనదో వాదించమనడం ఒక మార్గం.

అధ్యాపకులు తరచుగా చెప్పే అభ్యంతరం సిలబస్. గంటకు మూడు నాలుగు ప్రశ్నలు వేస్తే పాఠ్యప్రణాళిక పూర్తి కాదన్నది వాస్తవమే. మజూర్ ఇందుకు తరగతిలో చెప్పే భాగాన్ని తగ్గించి, పాఠాన్ని ముందే చదివి రావలసిన బాధ్యతను విద్యార్థులకు అప్పగించాడు. చదివి వచ్చారో లేదో తెలుసుకోవడానికి మొదట తరగతి ఆరంభంలో చిన్న పరీక్ష పెట్టేవాడు. తరువాత, చదివిన భాగంలో ఏది కష్టంగా తోచినదో తరగతికి ముందే వ్రాసి పంపమని అడగసాగాడు. ఆ జవాబులను బట్టి మరునాటి ప్రశ్నలను ఎంచుకొనేవాడు.